మౌనస్వామి గొప్పా, పల్టీలోడు గొప్పా

కొత్త టెన్నిస్ బంతుల డబ్బా మూత లాగితే బుస్సుమని గాలితోపాటు ఒక వాసన వస్తుంది, రబ్బరు చెప్పుల అంగట్లో వచ్చేలాంటిది. మదనపల్లెలో మా అమ్మాయి పొద్దున్నే కోచింగుకు పోతూ వరండాలో ఆ డబ్బా తెరిచి, మూతి దగ్గర పెట్టుకుని గుండెలనిండా పీలుస్తుంది. దానికి సంబరం, నేను మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకుంటాను. ఆట మీద నాకు కోపం లేదు. ఎవరు గొప్ప ఆటగాడని మొదలుపెట్టే మగవాళ్లంటేనే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మంట.

మా నాయన మదనపల్లెలో ఒక కాలేజీ గుమాస్తా. కూలికి పోయే ఇంట్లో పుట్టి నెల జీతం కళ్ల చూసిన మొదటివాడు. కాలేజీ వెనకాల ఎర్రమట్టి కోర్టు ఉండేది. సాయంత్రాలు లెక్చరర్లలో నాలుగోవాడు రాకపోతే నాయనను పిలిచేవాళ్లు, అలా అంటుకుంది ఆయనకు టెన్నిస్ పిచ్చి. మా అమ్మ తమ్ముడు మునిరత్నం మామ కుప్పంలో గ్రానైటు పలకలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మామ బ్యాటు పట్టి ఎరగడు గానీ, బెంగళూరు రైల్లో వచ్చేవాళ్ల చేత ఆటల పత్రికలు తెప్పించుకుని బొమ్మలు కత్తిరించి గోడనిండా అంటించేవాడు. ఈ బావామరుదులిద్దరూ కలిసే చోటు పుంగనూరులో మా అవ్వ ఇల్లు.

నాయనకు దేవుడు చెక్క బ్యాటు కాలం నాటి ఒక ఛాంపియన్. గెలిచినా ఓడినా ముఖంలో గీత కదలనివాడు. అవ్వ ఆ ఫోటో చూసి, ఈయప్ప మౌనస్వామి మాదిరి ఉండాడే అంది, ఆ పేరే నిలిచిపోయింది. మామ దేవుడు ఆ తర్వాత వచ్చిన కుర్రాడు, బంతి కోసం పచ్చగడ్డి మీద ఒళ్లు విసిరేసి దొర్లేవాడు, వాడికి పల్టీలోడని పేరు పడింది. వాళ్ల అసలు పేర్లు మా ఇంట్లో పలకడం మానేసి ఏళ్లయింది, నేనూ రాయను. మొదటాయన తప్పుకున్నాకే రెండోవాడు పైకొచ్చాడు, వాడూ అప్పటికే మోకాలు చెడి మానేశాడు. ఇద్దరూ ఎదురుబదురుగా ఒక్కసారీ ఆడలేదు, ఇక ఆడబోరు. అందుకే ఆ వాదనకు అంతూ పొంతూ లేదు.

చలికాలంలో అవ్వ అనపగింజలు నానబెట్టి, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని తోలు పితికించి, పితికిపప్పు కూర వండి, వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పోసేది. ఆ పొగల మధ్య నాయన, ఆ సన్నటి చెక్క బ్యాటుతో మీవాడు ఆడి చూపించాలప్పా అనేవాడు, మామ ముద్ద మింగకుండానే, మీ స్వామి ఈ కాలం వేగానికి నిలబడి చూపించాలి బావా అనేవాడు. వానాకాలంలో చెనిక్కాయలు ఉడకబెట్టిన గంప ముందర అదే మాట, ఎండాకాలంలో మామిడికాయలు కోసి ఉప్పూకారం అద్దుకుంటూ అదే మాట. మేం పిల్లలం రెండు జట్లుగా విడిపోయి, చీపురుపుల్లల గీతకు అటూ ఇటూ నిలబడి, నాయన తెచ్చిన బోడి బంతిని అట్టముక్కలతో కొట్టుకునేవాళ్లం. అప్పటికి అదంతా నవ్వులాటే.

ఆ ఏడు పుంగనూరులో గంగమ్మ జాతర. ఊరంతా వేపాకు, సాంబ్రాణి, ఎండకు కాగిన దుమ్ము. అంబలి కుండలు మోసుకుని మేం గుడి దగ్గరికి పోయేసరికి క్యూలోనే మామకూ నాయనకూ మాట పెరిగింది. జనం చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఎవరో పెద్దాయన ఎగతాళికి, అంత నిజమైతే కర్పూరం ఆర్పండి అన్నాడు. మా వైపు గట్టు తగాదా అయినా, కోడి దొంగతనమైనా, మాట తేలకపోతే అమ్మవారి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తారు. అబద్ధమాడినవాడి ఇంటిమీద మళ్లీ జాతరలోపల దెబ్బ పడుతుందని నమ్మకం. అట్లాంటి ప్రమాణాన్ని ఎక్కడో సముద్రాల అవతల గడ్డిలో బంతి కొట్టుకున్న ఇద్దరి కోసం చేసిన ఘనులు మా ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు. నాయన ముందు ఆర్పాడు, మామ వెంటనే ఆర్పాడు. పూజారి రెండోసారి కర్పూరం వెలిగించేటప్పుడే చుట్టూ నవ్వులు ఆగిపోయాయి.

అమ్మ అంబలి కుండ కింద పెట్టి అలాగే కూర్చుండిపోయింది. ఇద్దరిలో ఒకడిది అబద్ధం కాక తప్పదు. దెబ్బ పడితే కట్టుకున్న ఇంటిమీద పడాలి, లేకపోతే పుట్టింటిమీద పడాలి, మూడో ఇల్లు లేదు. ఆ రోజు నుంచి ఆమెకు మొగుడి ముఖం చూసినా భయమే, తమ్ముడి ఉత్తరం చూసినా భయమే.

ఆ ఏడంతా ఇంట్లో దేనికీ మామూలు అర్థం లేదు. నాకు జ్వరం వస్తే అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి నాయన వైపు చూసేది. కుప్పంలో మామ ఇంటి పెరటిగోడ వానకు కూలిందని తెలిస్తే, ఒక క్షణం ఆమె ముఖం తేలికపడి, మరుక్షణమే తన తమ్ముడి గోడ కూలితే తేలికపడ్డందుకు తలుపు చాటున ఏడ్చింది. అమ్మవారికి తప్పుకాణిక చెల్లించి మాట వెనక్కి తీసుకోమని నాయనను బతిమాలింది. ఆయన, మూఢనమ్మకాలు అని కసిరాడు గానీ, కాలేజీ కోర్టు వైపు పోవడం మాత్రం మానేశాడు. ఆ ఏడు పితికిపప్పు తినేటప్పుడు ఆటగాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. గుటకల చప్పుడే వినిపించింది, మామ దగ్గు వినిపించింది.

ఆ దగ్గు సంక్రాంతి దాటాక ఇంకా లోతుకు దిగింది. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని డాక్టరు చెప్పాడు. ఆ దుమ్ము ప్రమాణానికి ముందు ఎన్నో ఏళ్లుగా పేరుకుంటూ వచ్చిందని బంధువుల్లో ఒక్కరూ అనలేదు. మేం బస్సు దిగి కుప్పం ఆస్పత్రికి పోయేసరికి మామ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరాడదు. నాయన జారిన దిండును ఎత్తి మామ వీపు వెనక సర్దాడు. సర్దుతూనే అన్నాడు.

"మునిరత్నం, నీ పల్టీలోడే గొప్పప్పా. నేనే తప్పు ప్రమాణం సేసినా."

మామ చెయ్యెత్తి ఆపాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అన్నాడు. "ఆ మాట వాపసు తీసుకో బావా. నువ్వు ఒప్పుకుంటే అది మీ ఇంటికొస్తాది. ఆడ మా అక్క ఉండాది, బిడ్డ ఉండాది. మౌనస్వామే గొప్ప. అబద్ధమాడింది నేను."

నాయన కాదన్నాడు, మామ కాదన్నాడు. అన్నేళ్లు వాదించుకున్నవాళ్లు ఆ రోజు ఎదుటివాడి ఆటగాణ్ణి మోసుకుంటూ పోట్లాడుకున్నారు. మామకు దగ్గు తెర వచ్చి నర్సు మమ్మల్ని బయటికి పంపేసింది. మరుసటి జాతర చాటింపు వేయకముందే మామ పోయాడు.

కర్మాంతరం నాడు పెద్దాయన ఒకరు నాయన భుజం తట్టి, నీ మాటే నిజమయ్యెనప్పా అన్నాడు, మెచ్చుకున్నట్టే అన్నాడు. నాయన ఆ చెయ్యి తోసేసి వీధిలోకి పోయాడు. అమ్మ ఆయన వెంట పోలేదు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు కూడా.

ఇప్పుడు కాలేజీ కోర్టు ఉన్నచోట సిమెంటు పరిచి మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు. పుంగనూరులో అవ్వ ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల అంగళ్లు కట్టారు. కుప్పంలో మామ గోడమీది బొమ్మల్ని అత్త గీకేసి సున్నం కొట్టించింది, ఆమె కూడా పోయింది. అనపకాయలు సంతకు వస్తున్నాయి గానీ, తోలు పితకడానికి చుట్టూ కూర్చునే మనుషులే లేరు. పోయినవాళ్లలో ఎవరిదీ ఒక్క గొంతు కూడా రికార్డు చేసుకోలేదే అని నాకు దుఃఖం వస్తుంది.

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో చూస్తూ, ఇప్పటి ఆటగాళ్లను ఒకళ్లకొకళ్లను పోల్చి పోల్చి విసిగిపోయి, వరండాలో కూర్చున్న మా నాయనను అడిగింది. మీ కాలంలో ఎవరు గొప్ప తాతా అని. నేను అడ్డుపడేలోపలే ఆయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. మనవరాలి వైపు చూడలేదు, వీధి వైపు తిరిగి, ఎవరికో వినబడాలన్నట్టు గట్టిగా అన్నాడు.

"మునిరత్నం ఆటగాడే గొప్ప. నేను సేసింది తప్పు ప్రమాణం."

వంటింట్లోంచి అమ్మ పడుతూ లేస్తూ వచ్చి తడి చేత్తో ఆయన నోరు మూసింది.

"వద్దయ్యా," అంది. "పిల్ల ఈడే ఉండాది."