రాతిపొడి ముఖాలు

తిప్పేష్ బోరుబండి మీద పనికి కుదిరినప్పుడు అతనికింకా మీసాలు సరిగ్గా రాలేదు. ఇప్పుడు తల నెరిసింది. గోరంట్ల చుట్టుపక్కల అతను రాడ్లు దించని ఊరు లేదు. నీళ్లు పడితే బండివాళ్లందరికీ రైతు ఇంట్లోనే భోజనం. పడకపోతే సామాను సర్దుకుని వచ్చేయడమే. ఈ మధ్య అలా రావడమే ఎక్కువైంది.

పోయిన ఎండాకాలం ఓబన్న అనే ముసలి రైతు చేలో రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఇంజను ఆపాక కూడా ఓబన్న గుంత పక్కనే గొంతుక్కూర్చుని, "ఇంగ రోంత దింపప్పా, తడి వాసనొస్తాండాది" అని అడుగుతూనే ఉన్నాడు. తిప్పేష్ అటు చూడకుండా రాడ్లు లారీలోకి ఎక్కించుకుని వచ్చేశాడు.

అప్పటి నుంచి ఇంట్లో మాట తగ్గిపోయింది. భార్య సరళ అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నిద్ర పట్టేది కాదు. ఆస్పత్రికి పోదామంటే, "నాకేం రోగం? అలుపంతే" అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తిప్పేష్ పనిబట్టల సంచి దులుపుతుంటే బూడిదరంగు రాతిపొడి కుప్పగా రాలింది. ఊడ్చేయబోయి, ఏమనుకున్నాడో, చెంబుడు నీళ్లు తెచ్చి కలిపాడు. పెరటిగోడ దగ్గర కూర్చుని వేళ్లతో పూయసాగాడు. బొమ్మ గీయడం జన్మలో ఎరగడు. ముక్కు పక్కకు పోయింది. ఒక కన్ను పెద్దదీ, ఒకటి చిన్నదీ అయింది. తుడిచేసి మళ్లీ పూశాడు.

సరళ బయటికొచ్చి చూసి, "ఏమిది, దయ్యమా?" అంది.

"మనిషే."

"ఎవురు?"

తిప్పేష్ చిన్న కన్ను మళ్లీ దిద్దాడు. "ఓబన్న. ఇంగ రోంత దింపమని అడిగినాడు. నేను పలకల్యా." అంతలోనే కళ్లు తుడుచుకోబోతే చేతి బురదంతా మొహానికి అంటుకుంది. సరళ కొంగుతో తుడిచింది.

తర్వాత ఆదివారమొస్తే అదే పని. ఎండిన బోర్ల పక్కన అతను చూసిన ముఖాలన్నీ ఒక్కొక్కటే గోడ మీదికి వచ్చాయి. పక్కింటి నాగప్ప చూసి, "ఏమప్పా తిప్పేషూ, ఒక్కడన్నా మనిషి మాదిరి ఉండాడా?" అని నవ్వాడు.

"యాడుంటారన్నా" అన్నాడు తిప్పేష్, చెయ్యి ఆపకుండానే.

అలుపు పోలేదు. సోమవారం పొద్దున్నే బండెక్కడం తప్పలేదు. కాకపోతే నిద్ర పడుతోంది. నీళ్లు పడని చేలో రైతు పక్కన కాసేపు కూర్చోగలుగుతున్నాడు.

మొన్న అతను పెరట్లోకి వచ్చేసరికి సరళే పొడి కలుపుకుని, గోడకు ఒక మూల ఏదో పూస్తోంది. అన్నీ వంకర గీతలు, తల కింద మెడే లేదు.

"ఎవురది?"

"మాయమ్మ. పొయ్యే ముందర, కడాకు ఇట్లే అయిపోయిండె."

తల్లి పోయి ఏళ్లు గడిచినా సరళ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆ సాయంత్రం మాత్రం చెబుతూనే ఉంది. తిప్పేష్ గోడకు ఆనుకుని, మధ్యమధ్య ఆవులిస్తూ, అంతా విన్నాడు.