ల్యాంపురూముకు నేను రాసిన వెలుగు

గోదావరిఖనిలో నేను ముప్పైయేండ్లకు పైబడి గుమాస్తాగా పనిచేశాను. ప్రాచ్యకళాశాలలో కావ్యాలూ వ్యాకరణమూ చదువుకొని భాషాపండితుణ్ణి కావలసినవాణ్ణి. ఆ కొలువు దొరకలేదు. బొగ్గుగనిలో విద్యుద్విభాగపు స్టోర్సులో చేరి, బల్బులకూ తీగలకూ చీటీలు రాస్తూ నెత్తి నెరిసింది. చదువు నా మాటను బిగించివేసింది. నేను క్యాంటీనులో అడుగుపెట్టగానే, అంతవరకు ఘొల్లుమంటున్న బల్లలు సద్దుమణిగేవి. "పంతులొచ్చిండు, జర మంచిగ మాట్లాడుండ్రి" అని ఎవరో ఒకరు అనేవారు, అందరూ నవ్వేవారు. ఆ నవ్వులో ద్వేషం ఉండేది కాదు. నాకు చోటూ ఉండేది కాదు. భార్య పోయిన తరువాత, పిల్లలు లేని ఆ రెండు గదుల క్వార్టరులో, శనివారం సాయంత్రం మొదలు సోమవారం డ్యూటీకి పోయేదాకా ఒక్క మాటైనా పైకి పలకకుండా గడిచిన వారాలు ఎన్నో ఉన్నాయి.

తెలంగాణ రాష్ట్రం నేడో రేపో వస్తుందని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. పాత ట్యూబులైట్లు తీసివేసి అన్ని చోట్లా ఎల్‌ఈడీ దీపాలు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఏ గదిలో ఏ పని జరుగుతుందో, ఆ పనికి ఏ దీపం తగునో తిరిగి చూసి రాసుకొని రమ్మని మా ఇంజనీరు నన్ను పురమాయించాడు. "రిటైర్మెంటు దగ్గరికొచ్చింది గద పంతులు గారూ, కౌంటర్ల కూసునుడు కంటె ఇది నయం" అన్నాడు.

అప్పటిదాకా దీపమంటే నాకు చీటీ మీద ఒక వరుస మాత్రమే. వాటేజీ తెలుసు, ఖరీదు తెలుసు. దాని కింద మనిషి ఎట్లా పనిచేస్తాడో తెలియదు. అందుచేత ప్రతి గదిలోనూ అడిగాను. వర్క్‌షాపులో ఒక ఫిట్టరు, నమూనాకు తెచ్చిన చౌక దీపాన్ని వెలిగించి దాని కింద లేతు మిషను తిప్పి చూపించాడు. గిరగిర తిరుగుతున్న చక్రం నిలిచి ఉన్నట్టే కనబడింది.

"చూసినవా పంతులూ, ఆగినట్టే కొడ్తది. ఆగిందనుకొని చెయ్యి పెట్టినవనుకో, చెయ్యి ఆడనే ఉంటది, నువ్వు దవాఖానల ఉంటవు" అన్నాడు.

వర్క్‌షాపుకు వణకని దీపం కావాలని రాసుకున్నాను. టైమాఫీసులో గుమాస్తా, తాను రాసేటప్పుడు తన చేతి నీడ తన అక్షరం మీదనే పడుతున్నదన్నాడు. వెలుగు ఎడమవైపునుంచి రావాలని రాసుకున్నాను. క్యాంటీనులో వంటాయన గరిటె పట్టుకొనే నా దగ్గరికి వచ్చాడు.

"నీలం లైటు మాత్రం పెట్టకుండ్రి సారూ. నిన్న సాంపిల్ అని ఒకటి పెట్టిండ్రు. పప్పు జూస్తే బూడిద కలిపినట్టున్నది. ఒకడు తినకుంటనే లేసి పోయిండు."

"అది లైటు తప్పు గాదన్నా, నీ పప్పే గట్లుంటది!" అని వెనుకబల్ల నుంచి ఎవరో అరిచారు. ఆనాడు వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. క్యాంటీనుకు పసుపు ఛాయ గల వెలుగు అని రాసుకున్నాను.

ఆ పని నాకు మనుషుల నడుమ తిరిగే వీలు కల్పించింది. నేను వచ్చేది వాళ్లకు పనికివచ్చే సంగతి మాట్లాడటానికే గనుక, నా భాష ఎట్లా ఉన్నా ఓర్చుకున్నారు. చాయ పోశారు. అన్నింటికంటె ఎక్కువగా నేను కూర్చున్నది ల్యాంపురూములో.

గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ ఆ గది కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకొనే ల్యాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ఏ అరలో ల్యాంపు లేదో ఆ నంబరు మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ ల్యాంపులను చార్జింగు పెట్టి ఇచ్చే ముసలాయనను అందరూ భాయ్ అనేవారు. నా ఈడువాడే. పదవీవిరమణకు ఇంకా నాలుగు నెలలుంది. "ఆవో పంతులూ, కూసో. నీకు జోడీ గీ గనిల నేనే. దినమంత గీ ల్యాంపులతోని మాట్లాడుత, ఒక్కటి గూడ జవాబియ్యదు" అని నవ్వేవాడు. ఇంట్లో ఆమె మోకాళ్ల నొప్పులు, బెల్లంపల్లిలో వాళ్లన్న కట్టుకున్న ఇల్లు, మందమర్రిలో తాను కొత్తగా కొలువుకు చేరిన నాటి సంగతులు, అన్నీ చెప్పేవాడు. భార్య పోయిన తరువాత నన్ను "తిన్నవా?" అని అడిగిన మొదటి మనిషి ఆయన.

ఆ గది చీకటిగా ఉండేది. పొగచూరిన గోడలు, మసకగా వెలిగే ఒకే ఒక్క పాత బల్బు. నంబర్లు చదవడానికి భాయ్ కళ్లు చికిలించేవాడు. అన్ని గదుల్లోనూ అడిగిన నేను, ఆ గదిలో మాత్రం అడగలేదు. అడిగితే కానుక ఎట్లా అవుతుంది? జాబితాలో ఉన్న వాటిలో అన్నింటికంటె తెల్లని, అన్నింటికంటె కాంతిగల దీపాలు నాలుగు ఆ గదికి రాశాను. గోడలకు సున్నం వేయించాలని కూడా చేర్చాను.

అవి బిగించిన రోజున భాయ్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అరె పంతులూ! ఇది ల్యాంపురూమా, పెండ్లిపందిరా?"

"మీ కళ్లకు శ్రమ తగ్గుతుందని" అన్నాను.

"తగ్గుతది, తగ్గుతది. జర ఎక్కువైనట్టున్నది."

"అలవాటవుతుంది" అన్నాను నేను.

పది రోజులు కాలేదు. మొదటి షిఫ్టులో, గనిలో చాలా లోపల ఒంటరిగా పంపు నడిపే కార్మికుడి ల్యాంపు నడుమనే ఆరిపోయింది. ల్యాంపు ఆరితే అడుగు కదపవద్దనీ, ఉన్నచోటనే కూర్చోవాలనీ అక్కడి కట్టుబాటు. తనిఖీకి తిరిగే సర్దారు వచ్చేదాకా అతడు అట్లాగే కూర్చున్నాడు. ఎంతసేపో అతనికే తెలియదు. పైకి వచ్చిన తరువాత చుట్టూ మూగినవాళ్లకు అతడు చెబుతుంటే విన్నాను.

"ఏం జెయ్యాలె కాకా, నా పెండ్లికి ఎవలెవలు రాలేదో యాది జేసుకుంట కూసున్న. అందరి మీద కోపం అయిపోయింది గని సర్దారు రాలె" అన్నాడు. అందరూ నవ్వారు. అతని చేతిలో చాయగ్లాసు మాత్రం సాసరు మీద గలగలమంటూనే ఉంది.

నేను చదివిన కావ్యాలలో చీకటిని కాటుకతోనూ తుమ్మెదల గుంపులతోనూ పోల్చిన వర్ణనలు కోకొల్లలు. ఆ గ్లాసు చప్పుడు వాటిలో ఎక్కడా వినలేదు.

చార్జింగు లేని ల్యాంపు ఇచ్చినందుకు మరునాడే భాయ్‌కి ఛార్జిషీటు ఇచ్చారు. విచారణ తేలేదాకా పని నుంచి తప్పించి, మేనేజరు గది ముందరి బెంచీ మీద కూర్చోబెట్టారు. షిఫ్టుకు పోయే ప్రతి మనిషీ ఆ బెంచీ ముందు నుంచే పోవాలి. ఆ మధ్యాహ్నం నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎట్లా జరిగింది భాయ్?" అని అడిగాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ప్రతి ల్యాంపును ఎదురుగోడ మీదికి కొట్టి చూస్త నేను. మంచిగుంటే గోడ మీద తెల్లగ పడ్తది, చార్జింగు తక్కువుంటే ఎర్రగ పడ్తది. ముప్పై ఏండ్ల సంది గంతే. ఇప్పుడు గోడ తెలుపు, లైటు తెలుపు. ఏ ల్యాంపు కొట్టినా ఒక్కటే లెక్క. అసలు వెలుగే కనవడ్తలేదు."

"ఈ మాట మేనేజరుకు చెప్పలేదా?"

"చెప్తే గా లైటు ఎవలు రాసిండ్రని అడుగుతరు గద పంతులూ" అన్నాడు.

నా పేరు బయటపెట్టకుండా ఉండటానికే ఆయన నోరు మూసుకున్నాడు. విచారణలో తప్పు రుజువైతే చివరి నాలుగు నెలలూ సస్పెన్షనులోనే ముగుస్తాయి. ఒక్క మచ్చ లేని కొలువు మచ్చతో తీరుతుంది. దానిని ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రమే క్వార్టరులో కాగితం ముందేసుకున్నాను. "ల్యాంపురూముకు తగని దీపాలు సూచించినది నేను, ఆ గదిలో పనిచేసే మనిషిని అడగకుండానే సూచించాను" అని రాశాను. అంతే చాలు. కాని చాలలేదనిపించింది. మరుసటి దినం దానిని చింపి మరొకటి రాశాను. కార్యకారణాలు విడమరిచాను, కాంతి స్వభావాన్ని వివరించాను, క్షమాపణకు తగిన పదం వెదికాను. దానినీ చింపాను. శైలి కోసమని నన్ను నేను నమ్మించుకున్నాను గాని, నిజానికి నేను భయపడ్డాను. ఆ ఉత్తరం ఇస్తే ఈ దీపాల పని నా చేతి నుంచి పోతుంది. పని పోతే వర్క్‌షాపూ క్యాంటీనూ పోతాయి, మళ్లీ కౌంటరూ నేనూ మిగులుతాం. ఆ భయంతోనే రెండు దినాలు గడిపాను. ఆ రెండు దినాలూ స్టోర్సుకు దొడ్డిదారిన వెళ్లాను. బెంచీ ముందు నుంచి పోలేకపోయాను.

మూడవనాడు ఉత్తరం ఇచ్చాను. ఇంజనీరు అది చదివి మేనేజరుకు పంపాడు. దీపాల పని నా నుంచి తీసి మరొకరికి ఇచ్చాడు. ఛార్జిషీటు రద్దయింది. ల్యాంపురూములో ఒక మూల నల్లరంగు పూసిన చెక్కలతో మరుగు కట్టించి, ల్యాంపులు పరీక్షించడానికి చీకటి చోటు ఏర్పాటు చేశారు. రాసుకొనే బల్ల మీదికి మాత్రం ఒక చిన్న తెల్లదీపం ఉంచారు. మొదటనే అడిగి ఉంటే భాయ్ ఈ రెంటినీ ఒక్క మాటలో చెప్పి ఉండేవాడు.

ఆ ఏర్పాటు చూడటానికి వెళ్లాను. భాయ్ మరుగులో నిలబడి ఒక్కొక్క ల్యాంపునే గోడ మీదికి కొట్టి చూస్తున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"ఇప్పుడు బాగుందా?" అన్నాను.

"మంచిగున్నది."

ఇంకొక ల్యాంపు అందుకుంటూ ఆయనే అన్నాడు. "మొదటిదినం ఇంట్ల ఆమె అడిగింది, ఎవలన్న చెప్పేటోళ్లు లేరా అని. పంతులు రాస్తడు, ఫికర్ జెయ్యకు అన్న. రెండోదినం మల్ల అడిగింది. రాస్తడు అన్న. నేనిచ్చిన ల్యాంపు పెట్టుకొని దిగేటోళ్లంత నన్ను గా బెంచీ మీద చూసుకుంట పోయిండ్రు పంతులూ. రెండు దినాలు నువ్వేం జేసినవు?"

"ఉత్తరం రాశాను" అన్నాను.

"అవును. మస్తు మంచిగ రాసినవట. ఇంజనీరు సారు మెచ్చుకున్నడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నదో లేదో ఈనాటికీ నాకు తెలియదు. సైరను మోగింది. రెండవ షిఫ్టువాళ్లు బిళ్లలు పట్టుకొని కిటికీ దగ్గర వరుస కట్టారు. ఆయన కిటికీ వైపు తిరిగాడు. వరుసకు అడ్డంగా ఉన్నానని ఎవరో "జర జరుగుండ్రి సారూ" అంటే, జరిగి, బయటికి వచ్చాను.

ఆ తరువాత మళ్లీ ఆ గదికి వెళ్లడానికి నాకు కారణం దొరకలేదు. కారణం లేకపోయినా వెళ్లవచ్చునని అప్పుడు తోచలేదు. దారిలో ఎదురైతే భాయ్ మర్యాదగా తల ఊపేవాడు. ఒకనాడు టైమాఫీసు గుమాస్తా మాటల నడుమ, భాయ్ రిటైరై సామానుతో బెల్లంపల్లికి వెళ్లిపోయాడని చెప్పాడు. ఎప్పుడు వెళ్లాడని అడిగాను. అప్పటికి పన్నెండు రోజులయిందట.