మా మేనకోడలి అర డిగ్రీ

మా మేనకోడలు ఉద్యోగంలో సాధించిన మొదటి విజయం అర డిగ్రీ. చిన్నదనుకోకండి. యంత్రాల మీద అంకెలు చూపించే తెరల్లో ద్రవ స్ఫటికం అనే పదార్థం పోస్తారు. చూడటానికి పలచని పాలలా ఉంటుంది. వేడి చేస్తూ పోతే ఒకానొక డిగ్రీ దగ్గర నీళ్లలా తేరిపోతుంది. శుద్ధమైనదైతే ఆ మార్పు అర డిగ్రీలో ముగుస్తుంది. ఏ మలినమైనా కరిగి ఉంటే ముందుగానే మొదలై, కొంత పాలుగా కొంత నీళ్లుగా నాలుగైదు డిగ్రీలు సాగదీస్తుంది. మా పిల్ల ఒక సీసాడు సరుకును పదకొండుసార్లు కరిగించి, గడ్డకట్టించి, వడగట్టి అర డిగ్రీకి తెచ్చింది. తను పనిచేసే తెరల ఫ్యాక్టరీలో అంతకుముందు అది ఎవరివల్లా కాలేదు. పదో తరగతిలో బడికే మొదటిది. చేరిన రెండేళ్లకే పరీక్షల గది మొత్తం తన చేతికిచ్చారు. ఇవన్నీ నేను చెప్పాల్సిందే, తను చెప్పుకోదు.

ఆసుపత్రి యంత్రాల కోసం పోయిన నెల చేసిన తెరలు మొదటి రోజు అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర తేరాయి. రెండు వారాలకు అవే తెరలు అరవై ఐదుకే తేరడం మొదలుపెట్టాయి.

సూపర్‌వైజరు నవ్వాడట. "నీ థర్మామీటరుకు జ్వరం వచ్చిందేమో చూసుకో తల్లీ."

"దానికి జ్వరమైతే నిరుటి తెరలు కూడా తేడా చూపించాలి కదండీ. అవి కదల్లేదు."

తెర అంచుకు పూసే జిగురును వెలుగు పెట్టి గట్టిపరుస్తారు. పని తొందరలో నలభై సెకన్ల వెలుగును ఇరవైకి కుదించారు. పచ్చిగా మిగిలిన జిగురు లోపలి ద్రవంలో కరుగుతోందని పిల్ల అనుమానం. ఇలాగే దిగుతూ పోతే, ఎండలో నిలిపిన అంబులెన్సులో ఆ వేడికే ద్రవం తేరిపోయి, రోగికి మందు ఎంత ఎక్కుతోందో చూపే అంకెలు కనబడకుండా పోతాయి. అందుకని సరుకు బాగుందని రాసే కాగితం మీద సంతకం పెట్టనంది.

యజమాని పిలిపించాడు. "కొత్త తెరలు పట్టుకుని కొనేవాళ్ల దగ్గరికే వెళ్లు. వాళ్ల కళ్లముందే పన్నెండు రోజులు కొలువు. దిగకపోతే మళ్లీ పనిలోకి రానక్కర్లేదు."

వెళ్లింది. ఐదో రోజు ఫోను చేసింది.

"దిగిందా అమ్మా?"

"లేదు మావయ్యా. ఇంకా అరవై ఎనిమిదే. ఇక్కడ గదులు మరీ చల్లగా ఉన్నాయి. జిగురు కరగడానికి టైం పడుతుందేమో."

ఆ 'ఏమో' నా గుండెల్లో కూర్చుంది. మా చెల్లెలు ఫోను లాక్కుంది.

"అందరూ సరే అన్నదానికి నీకొక్కదానికే ఏంటే ఈ మొండితనం?"

"మావయ్య పోలికమ్మా."

చెల్లెలు నావైపు చూసిన చూపుకు నేను చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాను.

ఎనిమిదో రోజు రెండు తెరలు ఒక డిగ్రీ ముందే తేరాయట. రెంటితో ఏం తేలుతుంది, కొలవడంలో పొరపాటై ఉంటుందని అక్కడివాళ్లు కొట్టిపారేశారట. ఆ తర్వాత ఫోను లేదు. మేం చేస్తే ఎత్తడం లేదు. చెల్లెలు పొద్దున పెట్టిన కాఫీ ఇంకా ముట్టలేదు. కొలుస్తూ ఉంటుందిలే అని దానికి చెబుతున్నాను, నాకూ చెప్పుకుంటున్నాను.

ఆఖరి కొలత ఇరవై రెండో తేదీ సాయంత్రం; ఉద్యోగం ఉందో పోయిందో అప్పుడే తేలుతుంది. అది కాగానే బయల్దేరితే, ఇంటికి చేరేది శనివారం, జూన్ ఇరవై మూడు.