గేరు పడని కారు, వేటు పడిన మనిషి

ఒక పాత స్పోర్ట్స్ కారులో గేర్లు సరిగా పడటం లేదన్న కారణంతో, దాని గేర్‌బాక్సును విప్పి బిగించిన మెకానిక్‌ను ఆమె పనిబల్ల దగ్గర నుంచి తీసేసి, కార్లు కడిగే చోటికి పంపారు. సంజాయిషీ అడగలేదు. లోపం ఎక్కడుందో తేల్చలేదు. గ్యారేజీలో అందరూ చూస్తుండగా మేనేజరు, "చేతకాని పని నెత్తికెత్తుకోవడం ఎందుకు?" అన్నాడు. ఆరోపణ, విచారణ, తీర్పు అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ముగిశాయి.

ఆమెను అక్కడ అందరూ గేరక్క అంటారు. గేర్‌బాక్సు విప్పే ముందు దాని మీద అరచేయి ఆనించి కాసేపు వినడం ఆమె అలవాటు. "నాడి చూస్తోంది, ఎవరూ దగ్గకండి" అని మేస్త్రి ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది, చేయి మాత్రం తీసేది కాదు. పెళ్లికి ముందే పట్టిన పని అది. చీరల కంటే గ్రీజు మరకల బట్టలే ఎక్కువని అత్తగారు సణిగినా వదలని పని.

ఆ కారు నేలను రాసుకుంటూ పోయే రెండు సీట్ల బండి. పిల్లలకు ఈత నేర్పే ఒక పెద్దావిడది. ఆవిడకు అన్నగారి నుంచి వచ్చింది. బయలుదేరబోతే మొదటి గేరు మొరాయిస్తుందని, వెనక్కి వేస్తే కర్రుమంటుందని, రెండోది పళ్లు నూరుతుందని ఆవిడ ఫిర్యాదు. తీరా గ్యారేజీకి తెస్తే, గేర్లన్నీ నూనె రాసినట్టు పడేవి. గేరక్క విప్పి చూసింది. పళ్లు బాగున్నాయి, రింగులు బాగున్నాయి. బిగించి పంపింది. ఇంటికి వెళ్లగానే కారు మళ్లీ పాత పాటే అందుకుంది. ఫిర్యాదు తిరిగొచ్చింది, వేటు పడింది.

తడిసిన కాళ్లతో ఇల్లు చేరిన కోడలిని, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అత్తగారు ఎగాదిగా చూసింది.

"పోనీలే, నీళ్ల పనిలో గ్రీజు అంటదుగా. నా దుప్పట్లు బతికాయి."

"నవ్వకండి అత్తయ్యా. ఆ గేర్‌బాక్సులో ఏ లోపమూ లేదు."

"నాకెందుకు చెబుతావు, నేనేమన్నా మీ మేనేజరునా? ఆ రోగం మీ షెడ్డులో కనపడదంటావు, ఆవిడ వాకిట్లో కనపడుతుందంటావు. పారేసుకున్న చోట వెతుక్కోవాలి గానీ, లైట్లున్నాయని షెడ్డులో వెతికితే దొరుకుతుందా?"

మర్నాడు గేరక్క సెలవు పెట్టి పెద్దావిడ ఇంటి తలుపు తట్టింది.

"మళ్లీ నువ్వేనా తల్లీ? ఈసారి ఏం ఊడదీస్తావు?"

"ఏమీ ఊడదీయనండి. మీరు రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. నేను పక్కన కూర్చుంటాను."

"కూర్చో. మా అన్నయ్యలా అడుగడుగునా అరవకపోతే చాలు."

మొదట ఇంజను ఆపేసి ఉంచి గేర్లు మార్పించింది. అన్నీ కిక్కురుమనకుండా పడ్డాయి. ఇంజను తిప్పి వెనక్కి వేయమంది. కర్రుమంది. ఆగిన ఇంజనుతో నోరెత్తని గేర్లు తిరిగే ఇంజనుతో అరిచాయంటే, తప్పు పళ్లది కాదు. పెడల్ తొక్కినా క్లచ్ ఇంజను పట్టును పూర్తిగా వదిలించడం లేదు. కానీ షెడ్డులో క్లచ్ కూడా బాగానే ఉంది కదా! అక్కడ లేనిది ఇక్కడేముంది? గేరక్క కారును వదిలి, పెద్దావిడ పాదం వైపు చూసింది.

"ఇంకొక్కసారి తొక్కండి."

పెడల్ కిందికి దిగి, నేలకు చేరకముందే మెత్తగా ఆగిపోయింది. పాత కార్పెట్ మీద దిట్టమైన కొత్త రబ్బరు మ్యాటు పరిచి ఉంది. గేరక్క దాన్ని లాగేసింది. పెడల్ మరో వేలెడు దిగింది. వెనక గేరు చప్పుడు లేకుండా పడింది.

"అయ్యో రాత! పాత కస్టమర్లకు కానుక అంటూ మీ గ్యారేజీ వాళ్లే ఇచ్చారమ్మా దీన్ని!" అంది పెద్దావిడ. మ్యాటు మీద గ్యారేజీ పేరు పెద్ద అక్షరాలతో అచ్చుపోసి ఉంది.

ఆ గ్యారేజీలో ఒక నియమం ఉంది. ఏ కారు వచ్చినా, బూట్ల గ్రీజు అంటకుండా ముందు మ్యాట్లు తీసి గోడకు ఆనించాలి. పని ముగించి, నడిపి చూసి, అప్పగించే ముందు మళ్లీ పరచాలి. గేరక్క కూడా ఆ మ్యాటును తన చేత్తోనే తీసి పక్కన పెట్టింది. పరీక్ష జరిగిన ప్రతిసారీ రోగకారణం గోడకు చేరగిలబడి కూర్చుంది.

పెద్దావిడను వెంటబెట్టుకుని, మ్యాటును చంకన పెట్టుకుని ఆమె మేనేజరు ముందు నిలబడింది. ఆయన నవ్వేశాడు.

"సరే, పీడ విరగడైంది. మ్యాటు తీసేయండి, అంతే."

"కారు సంగతి తేలింది. మరి నా సంగతి?"

"నీ బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టేశాం కదమ్మా. కొన్నాళ్లు చూద్దాం."

"ఊరుకో అక్కా," అన్నాడు మేస్త్రి మెల్లగా. "నోరు జారిన మాట, గాలికి పోతుంది."

"గాలికి పోలేదు మేస్త్రీ. నా నెత్తి మీదే ఉంది."

అప్పటి నుంచి ప్రతి ఉదయం, నీళ్ల పైపు పట్టే ముందు, ఆమె మేనేజరు గది గడప దగ్గర నిలబడి ఒకటే మాట అడుగుతోంది: "నా తప్పేమిటో చెప్పండి, లేదా నా బల్ల నాకివ్వండి." ఆయన తల వంచుకుని ఫోను చూసుకుంటాడు. ఆమె మర్నాడు మళ్లీ వస్తుంది.

గ్యారేజీ యజమానులారా, మేనేజరు గారూ! లోపం మీరిచ్చిన కానుకలో ఉంది. దాన్ని కనిపెట్టింది మీరు శిక్షించిన మనిషి. ఆమె అడుగుతున్నది దయ కాదు. ఆమె బల్లను ఆమెకు అప్పగించండి. ఏ నోటితో ఆమెను చేతకానిదన్నారో ఆ నోటితోనే, అందరూ వింటుండగా, ఆ మాటను వెనక్కి తీసుకోండి. ఇక ముందు మీ దగ్గర పనిచేసే ఎవరినైనా, వాళ్లు చెప్పేది వినకుండా శిక్షించబోమని అక్కడే ఒప్పుకోండి.