నీళ్ళకు తెలియని మాట

నా చిన్నప్పుడు, హుస్నాబాద్ దగ్గర మా ఊళ్ళో, ఎండాకాలం వస్తే పిల్లలంతా వ్యవసాయ బావిలోనే ఉండేవారు. నేను మాత్రం మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. మాది నేత ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికేవాళ్ళకు ఈత రాదని ఊరంతా అనేది. కోపంతో కాదు, నవ్వుతూనే. రెండుసార్లు నీళ్ళలోకి దిగాను. రెండుసార్లూ గట్టు మీద ఎవరో ఆ మాటే అన్నారు. కాళ్ళు కట్టేసినట్టయి మునిగిపోతే జుట్టు పట్టుకుని పైకి లాగారు.

ఒక మధ్యాహ్నం వెనకింటి అక్క నన్ను వెంట తీసుకుపోయింది. వాళ్ళది వ్యవసాయం చేసే ఇల్లు. అక్క నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. గట్టు మీద ఆ రోజూ పిల్లలున్నారు. అక్క నన్ను నీళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచేయి ఉంచి, చెవులు మునిగేదాకా తల వాల్చమంది.

అంతే, లోకం దూరమైపోయింది. గట్టు మీద పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. పైన గుండ్రటి ఆకాశంలో ఒక గద్ద నిదానంగా తిరుగుతోంది. నా ఊపిరి ఎక్కడి నుంచో వస్తున్నట్టు వినిపిస్తోంది. నీళ్ళ మీద ఉన్నానో, ఆ ఆకాశంలోనే ఉన్నానో తెలియలేదు. ఎంతసేపటికో పక్కకు చూస్తే అక్క చేతులు రెండూ నీళ్ళ పైనే ఉన్నాయి.

ఒడ్డుకు వచ్చాక మెల్లగా అంది: "నిన్ను నీళ్ళు ముంచలే చెల్లె. గా మాట ముంచింది."

నేను గర్వంగా నవ్వాను. దారిలో జడ పిండుకుంటూ ఆమె మళ్ళీ అంది: "మీ ఇంట్ల మమ్ముల సుత అంటరు గద, నాగలి పట్టేటోళ్ళకు సదువు రాదని. బడిల పుస్తకం తెరిస్తే నాకు గదే యాదికొచ్చేది. అక్షరాలు అలికినట్టయితుండె. గందుకే బడి మానేసిన."

ఆ మాట మా ఇంట్లో అనేవారు. ఒకసారి అక్క వింటుండగా నేనూ అన్నాను. ఇల్లు చేరేదాకా తల ఎత్తలేకపోయాను.

మర్నాటి నుంచి నా వాచకం బావి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరూ లేనివేళ అక్క అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివేది. తడబడితే నవ్వకుండా, మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆగేదాన్ని. వానలు పడేలోగా నేను బావిని ఈ కొస నుంచి ఆ కొసకు ఈదాను. ఆమె ఆ పుస్తకం చివరి పాఠం దాకా చదివింది.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. అయినా ఎవరినో చూసి "వాళ్ళంతా అంతే" అనే మాట నా నోటిదాకా వస్తుంది. అక్క ఆ రోజు తన బడి సంగతి కోపంగా చెప్పి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఎండలో నడుస్తూ, అంత మామూలుగా చెప్పింది. అందుకే ఇన్నేళ్ళయినా "వాళ్ళంతా అంతే" అన్న మాట నా పెదవి దాటదు.