ఉప్పులో ఊరిన గడ్డ

1964లో నరసరావుపేటలో ఒక మిషన్ ఆసుపత్రి లేబరేటరీలో నేను టెక్నీషియన్‌ని. ఒంట్లోంచి కోసి తీసిన గడ్డలను మైనంలో పొదిగి, మైక్రోటోమ్ అనే మిషన్ మీద ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, రంగులద్ది డాక్టరమ్మ ముందు పెట్టడం నా పని. మార్తమ్మ అనే ఆమె గొంతులో, థైరాయిడ్ గ్రంథిలోంచి తీసిన గడ్డ తాటికాయంత ఉందని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అచ్చులో వస్తోంది కాబట్టి ఒప్పుకుంటున్నాను, నిమ్మకాయంతే.

మాచర్లలో సర్జన్ దాన్ని తీసి, కుళ్లకుండా ఫార్మలిన్ మందు పోసిన సీసాలో వేసి, ఆమె భర్త ఏసోబు చేతికిచ్చి బస్సెక్కించాడు. మా బల్ల మీదకొచ్చేసరికి సీసాలో మందు లేదు. గడ్డ చుట్టూ కల్లుప్పు!

“ఇదేందయ్యా?”

“మూత వదులైంది సార్. బస్సంతా ఘాటు. ‘ఒరేయ్, కళ్లు మండుతున్నయ్, దిగిపో’ అని అందరూ మీదపడ్డారు. దుర్గి కాడ మందు పారబోసి, కొట్లో ఉప్పు కొని సీసాలో కూరాను. ఉప్పేస్తే చేపలు చెడవు గదా!”

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూశాక ఆ నవ్వు పోయింది. ఈ రకం గడ్డ మంచిదో కేన్సరో కణాల వాలకం చూసి చెప్పలేం. అవి గడ్డ పైపొర దాటాయా, రక్తనాళంలోనో శోషరస నాళంలోనో దూరాయా అన్నది చూడాలి. దూరితే ఊపిరితిత్తులకో ఎముకలకో పాకుతాయి. ఈ స్లైడులో ఎక్కడ చూసినా సందులే, సందుల్లో కణాల గుంపులే.

“అన్నీ నాళాలేనా అమ్మా?”

“ఏమో. ఉప్పు నీరంతా లాగేసింది. గుంపు ముడుచుకుపోతే చుట్టూ ఏర్పడ్డ ఖాళీ కూడా నాళంలాగే ఉంటుంది. నాళమైతే గోడ ఉండాలి. నాకు గోడ చూపించు.”

గోడను పట్టిచ్చేది ఎలాస్టిక్ స్టెయిన్. ఆ రంగు వేస్తే సిర గోడలోని సాగే నార నల్లగా తేలుతుంది. మిగిలిన గడ్డనంతా ముక్కలు చేసి తరగడం మొదలుపెట్టాను. ఏసోబు వరండా దిగలేదు.

“మా ఆడమనిషి బతుకుద్దా సార్?”

ఎవరేమడిగినా అప్పటికప్పుడు కథ అల్లే నోరు నాది. ఆ పూట అల్లలేదు. “ఇంకా తేల్లేదు” అన్నాను.

స్లైడు తర్వాత స్లైడు. సందులున్నాయి, నల్లగీత లేదు. ఇక గండం లేదనుకుంటుండగా డాక్టరమ్మ చెయ్యి ఒక స్లైడు మీద ఆగింది. “నువ్వూ చూడు” అంది. నల్లటి వలయం. లోపల, గోడకు అంటుకుని, కణాల గుంపు.

ఆమె ఏసోబును పిలిచి చెప్పింది. “ఇది కేన్సరే. రక్తనాళంలోకి దూరింది. మద్రాసు పంపుతాం, మిగతా గ్రంథి కూడా తీయాలి.”

అతను ఒకటే అడిగాడు. “నేను ఉప్పెయ్యబట్టి దూరిందా అమ్మా?”

“కాదయ్యా. గొంతులో ఉండగానే దూరింది. నీ ఉప్పు మమ్మల్ని తిప్పలు పెట్టింది, ఆమెను కాదు.”

అప్పుడు ఏడ్చాడు.

మార్తమ్మ మద్రాసు వెళ్లి ఆపరేషన్ చేయించుకొచ్చింది. ఊపిరితిత్తులు అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి. ‘అప్పటికి’ అన్నది డాక్టరమ్మ మాట. అది తీసేసి చెబితే వినేవాళ్ల ప్రాణం కుదుటపడుతుందని నాకు తెలుసు. తీయకుండా చెప్పడమే ఆ కేసులో నేను నేర్చుకున్నది.