ఆగమన్న చెయ్యి

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయే రకం. మా ఆవిడ వైపు బంధువుల్లో అలాంటి కథలు చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని ఏడిపించడం నాకు సరదా. ఇంజనీరు ఉద్యోగం కదా, లెక్కకి అందనిది లోకంలో ఏదీ లేదన్న పొగరు కూడా ఉండేది. ఇప్పటికైనా నమ్ముతున్నావా అంటే నమ్మననే చెప్తాను. కానీ నాకు జరిగింది జరిగింది. అందులో తప్పు నాది కాబట్టి చెప్పక తప్పదు.

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. పెళ్ళయి కొన్నేళ్ళయింది, పిల్లలు ఇంకా పుట్టలేదు. నాకు చెస్ పిచ్చి. పెద్ద ఆటగాణ్ణేమీ కాదు. శని, ఆదివారాల్లో జరిగే చిన్న చిన్న టోర్నమెంట్లకి వెళ్ళి, సగం గెలిచి సగం ఓడి ఇంటికొచ్చే బాపతు. మా ఆవిడ సుభద్రకి గుర్రం ఎటు దూకుతుందో కూడా అక్కర్లేదు. తనకి చెట్లు, కొండలు, వాగులు కావాలి. మేమున్న అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్ తప్ప ఇంకేమీ కనపడేది కాదు.

అందుకని ఒక ఒప్పందం పెట్టుకున్నాం. టోర్నమెంట్ ఏదైనా పల్లెటూళ్ళో జరిగేదే చూసుకోవాలి, అక్కడికి ఇద్దరం కలిసి వెళ్ళాలి. నేను ఆడతాను, తను తిరుగుతుంది, మిగిలిన టైమంతా ఇద్దరిదీ. వినడానికి బ్రహ్మాండంగా ఉండేది. తీరా వెళ్ళాక మిగిలే టైము ఎప్పుడూ ఉండేది కాదు. ఆట అయ్యాక నేను తిండి దగ్గర కూడా ఆ ఆటే మళ్ళీ మనసులో ఆడుకుంటూ కూర్చునేవాణ్ణి. తను ఏదో అడిగితే ఊఁ కొట్టేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే అడిగితే, "ఎప్పుడడిగావ్?" అనేవాణ్ణి.

ఆ ఏడు అక్టోబర్‌లో వెర్మాంట్ వెళ్ళాం. చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మండిపోతున్నట్టున్న రోజులు. ఒక ముసలి రైతు దంపతులు తమ ఇంట్లో పై గది అద్దెకిచ్చారు. ఇంటి వెనక ఆపిల్ తోట, దాని వెనక అడవి, అడవిలో ఒక వాగు, వాగు దాటి కాస్త పైకి వెళితే జలపాతం. టోర్నమెంట్ అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో, ఊరి ఫైర్ స్టేషన్ పక్కన ఉన్న పాత హాల్లో. ఉన్నది ఒక్కటే కారు. సుభద్రకి డ్రైవింగ్ రాదు.

ఈసారి సుభద్ర ముందే మాట తీసుకుంది. ఆదివారం పొద్దున ఆట ఆడకూడదు, జలపాతానికి ఇద్దరం కలిసి వెళ్ళాలి అని. టోర్నమెంట్లలో 'బై' అని ఒక పద్ధతి ఉంది. ముందే చెప్పుకుంటే ఒక ఆట ఆడకుండా ఊరుకోవచ్చు, అయినా అర పాయింట్ ఇస్తారు. ఆదివారం పొద్దుటికి అలా బై తీసుకున్నాను. నిజంగానే తీసుకున్నాను.

శనివారం ఆడిన ఆటలన్నీ గెలిచాను. నా జన్మలో అలా ఎప్పుడూ జరగలేదు. అర పాయింట్ బదులు నిండు పాయింట్ వస్తే మొదటి స్థానంలో ఉంటాను. టోర్నమెంట్ నడిపించే ఆయన దగ్గరికి వెళ్ళి, నా బై తీసెయ్యండి, ఆడతానని చెప్పేశాను. సుభద్రకి ఆ సాయంత్రం చెప్పలేదు. పొద్దున కాఫీ తాగుతుంటే చెప్పాను.

"చిన్న ఆటే. తొందరగా ముగించేసి వచ్చేస్తా. నువ్వు ముందు నడుస్తూ ఉండు, నేను వెనకాలే వస్తా."

సుభద్ర కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"వస్తారుగా?" అని మాత్రం అడిగింది.

"వస్తానన్నానుగా!"

అప్పటికే ఇద్దరికీ సరిపడా పులిహోర మూట కట్టి పెట్టుకుంది. చీర మీద నా పాత కోటు తొడుక్కుని, కాన్వాస్ బూట్లు వేసుకుని, ఆ మూట పట్టుకుని బయల్దేరింది. నేను కారెక్కాను.

నా ఎదురుగా కూర్చున్నది రిటైరైన స్కూల్ మాస్టారు, నెమ్మదైన మనిషి. తొందరగా ముగిద్దామన్న నా ఆట గంటల తరబడి సాగింది. మధ్యలో వాన మొదలై హాలు రేకుల మీద పెద్ద చప్పుడు చేసింది. సుభద్ర తడుస్తుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఏ చెట్టు కిందో నిలబడుతుందిలే అనుకున్నాను. గడియారంలో నా టైము తరిగిపోతోంది. చెస్‌లో మనం ఆలోచించినంతసేపూ మన గడియారమే నడుస్తుంది, అది అయిపోతే ఎంత మంచి ఆటైనా పోయినట్టే.

ఏనుగుని పట్టుకున్నాను. ముట్టుకున్న పావుని కదిపి తీరాలన్నది రూలు. ఏ గడిలో పెడితే గెలుస్తానో అప్పుడే కనిపించింది. సరిగ్గా అప్పుడు టేబుల్ పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. కంటి చివర నా పాత కోటు కనపడింది. దాని కింద తడిసి కాళ్ళకి అంటుకుపోయిన చీర కుచ్చిళ్ళు. సుభద్ర! గది తాళం కోసం వచ్చి ఉంటుంది, తాళం నా జేబులోనే ఉంది మరి. హాల్లో మాట్లాడకూడదు. నేను తల ఎత్తలేదు. ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి, అరచెయ్యి చూపించి, ఆగమన్నాను. విసుగ్గానే అన్నాను. అటు చెయ్యి అలాగే ఉంచి ఇటు ఏనుగుని పెట్టాను.

గడియారం నొక్కి పక్కకి తిరిగితే సుభద్ర లేదు. వెనక కుర్చీల్లో కూర్చుందేమో అనుకుని మళ్ళీ బోర్డులో పడ్డాను.

గెలిచాను. మాస్టారు చెయ్యి కలిపి, మీ ఆవిడ బాగా తడిసిపోయింది పాపం, నా ట్రక్కులో దుప్పటి ఉంది, తీసుకెళ్ళి కప్పండి అన్నాడు. అంటే ఆయనా చూశాడు. నేనొక్కణ్ణే చూసి ఉంటే, కళ్ళు అలిసిపోయి ఏదో భ్రమపడ్డానని ఎప్పుడో తేల్చేసేవాణ్ణి.

సుభద్ర వెనక కుర్చీల్లో లేదు, బాత్రూమ్‌లో లేదు, కారు దగ్గరా లేదు. అప్పుడు తట్టింది నాకు. కారు నా దగ్గరుండగా ఇన్ని మైళ్ళు వానలో ఎలా వచ్చింది? వెనక్కి పరిగెత్తి టేబుల్ పక్కన నేల చూశాను. చెక్క నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క కూడా లేదు.

డ్రైవ్ చేశాను అనడం కంటే ఎలాగో వచ్చి పడ్డాను అనాలి. ఇంటి ముందు ట్రాక్టర్ ఆగి ఉంది. వంటింట్లో పొయ్యి పక్కన సుభద్ర దుప్పటి కప్పుకుని వణుకుతోంది. చీలమండ బెణికి బాగా వాచిపోయింది. ఇంటావిడ వేడినీళ్ళ కాపడం పెడుతోంది. సుభద్ర నన్ను చూడగానే ఏడుపు, కోపం కలిపి అంది:

"వచ్చారుగా మరి! మళ్ళీ నన్నలా వదిలేసి ఎక్కడికి పోయారండీ?"

జరిగింది ఇది. వాగులో రాళ్ళ మీద అడుగులేసుకుంటూ అవతలికి దాటి, నాకోసం చూసి చూసి, వాన మొదలయ్యాక తిరిగొస్తోంది. ఈలోపు నీళ్ళు పెరిగాయి. సగంలో కాలు జారి పడి, ఒక పెద్ద బండని కరిచిపట్టుకుని దానిమీదికి ఎక్కింది. ఏమండీ, ఏమండీ అని గొంతు పోయేలా అరిచింది. నీళ్ళు ఇంకా పైకొస్తున్నాయి. ఇక లాభం లేదు, ఏమైతే అయిందని దిగబోతుంటే గట్టు మీద నేను కనపడ్డానట. చెయ్యెత్తి ఆగమన్నానట. ఆగింది. మరుక్షణం పైనుంచి ఒక పెద్ద చెట్టు మాను కొట్టుకొచ్చి, తను కాలు పెట్టబోయిన చోటునుంచే వెళ్ళిపోయింది.

వాన చూసి వెతుక్కుంటూ వెళ్ళిన ముసలాయన తాడు వేసి సుభద్రని బయటికి లాగాడు. ఆ మానుని ఆయన కూడా చూశాడు. గట్టు మీద మాత్రం ఎవరూ లేరన్నాడు.

నేను హాల్లోనే ఉన్నానని అప్పుడే చెప్పాను. తను హాల్లో కనపడిందనీ చెప్పాను. చెయ్యెత్తానని కూడా చెప్పాను. ఎందుకెత్తానో చెప్పలేదు. ఇంటావిడ శిలువ గుర్తు వేసుకుంది. సుభద్ర నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. అంత సిగ్గు నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

ఆ సాయంత్రం ఆటకి నేను వెళ్ళలేదు. తర్వాత ఏ టోర్నమెంట్‌కీ వెళ్ళలేదు. పనెక్కువైందని అందరికీ చెప్పాను.

సుభద్ర మాత్రం ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో! ఎవరింట్లో భోజనాలైనా, ఎవరో ఒకరు అడగడం, తను చెప్పడం. పోయినేడు ఒక గృహప్రవేశంలోనూ చెప్పింది. "మా ఆయన ఆగమని చెయ్యెత్తారు కాబట్టి నేనివాళ మీ ముందున్నాను" అంది. పిల్లలు నా చుట్టూ చేరి, "వావ్ అంకుల్, యు సేవ్డ్ హర్!" అన్నారు. ఒక పెద్దావిడ నాకు నమస్కారం కూడా పెట్టింది. చేతిలో లడ్డూ మళ్ళీ ప్లేట్లో పెట్టేశాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. నిన్ను కాపాడ్డానికి ఎత్తిన చెయ్యి కాదే అది, ఆటకి అడ్డొచ్చావని విసుక్కుని ఎత్తిన చెయ్యి, నీ మొహం కూడా చూడలేదు అని.

సుభద్ర ఒళ్ళో ఉన్న తాంబూలం కవరు సర్దుకుంది.

"తెలుసండీ" అంది.

"ఏం తెలుసు?"

"గట్టు మీద మీరు తల దించుకునే ఉన్నారు. నేనంత అరుస్తుంటే నా వంక చూడను కూడా లేదు. బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఉండే మొహమే. ఆ మాత్రం గుర్తుపట్టలేనా?"

తల ఎత్తలేదన్న సంగతి అప్పటిదాకా నేను ఎవ్వరికీ చెప్పలేదు.

"మరి అందరికీ అలా ఎందుకు చెప్తావ్?"

"అబద్ధమేముంది అందులో? ఆగమన్నారు, ఆగాను, బతికాను." మళ్ళీ తనే అంది. "ఆగడం నాకేమైనా కొత్తా?"

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే నాకు మజ్జిగ కలిపిచ్చి పడుకుంది.

సుభద్ర ఆ వాగులోంచి నా టేబుల్ దగ్గరికి ఎలా వచ్చిందో, నా చెయ్యి అంత దూరం ఆ గట్టు మీదికి ఎలా వెళ్ళిందో ఇన్నేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు అంతు పట్టలేదు. ఇక పట్టదు కూడా. తడిసి ముద్దై నా పక్కన వచ్చి నిలబడితే తల ఎందుకెత్తలేదో మాత్రం నాకు బాగా తెలుసు. ఆట గెలుస్తున్నాను.